వాటర్‌ఫాలా, ఎజైలా? ముందు స్లాబ్ ఎక్కడుందో చూడండి

క్యాంపస్ ఇంటర్వ్యూల సీజన్‌లో ఒక ప్రశ్న పక్కాగా ఉంటుంది. ‘వాటర్‌ఫాల్‌కీ ఎజైల్‌కీ తేడా ఏంటి?’ దీనికి అందరి దగ్గరా ఒకటే జవాబు రెడీగా ఉంటుంది. వాటర్‌ఫాల్ పాతది, అన్నీ వరసగా చేస్తారు. ఎజైల్ కొత్తది, ముక్కలు ముక్కలుగా చేస్తారు. నోట్సులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పేసి హమ్మయ్య అనుకునేలోపే ఎదుటివాళ్లు రెండో ప్రశ్న వేస్తారు. ‘సరే, ఒక హాస్పిటల్‌కి యాప్ చేయాలి. నువ్వైతే ఏ పద్ధతిలో చేస్తావు? ఎందుకు?’

ఇక్కడ చాలామందికి మాట ఆగిపోతుంది. ఎందుకంటే నోట్సులో తేడాలుంటాయి గానీ, ఎంచుకోవడం ఎలాగో ఉండదు. కొందరు ధైర్యంగా ‘ఎజైల్ సార్, ఇప్పుడంతా అదే కదా’ అంటారు. ఈ ఏడాది ఏ రంగు చొక్కా ఫ్యాషనో చెప్పినట్టన్నమాట.

ఇది ఇంటర్వ్యూతో పోయే సంగతైతే ఇంత రాయక్కర్లేదు. పద్ధతి తప్పుగా ఎంచుకున్న ప్రాజెక్టులో చివరి మూడు నెలల రాత్రుళ్లు ఆఫీసులో ఎవరు పడుకుంటారో తెలుసు కదా. కాంట్రాక్టు మీద సంతకం పెట్టినవాళ్లు కాదు, నిన్న గాక మొన్న చేరిన ఫ్రెషర్లు. అందుకే ఈ వారం దీని సంగతి చూద్దాం.

గీసినాయనే వద్దన్నాడు

ముందు వాటర్‌ఫాల్. పేరులోనే ఉంది, జలపాతం. నీళ్లు పై మెట్టు నుంచి కింది మెట్టుకి పడతాయి, వెనక్కి ఎక్కవు. ముందు క్లయింటుకి ఏం కావాలో మొత్తం రాసుకుంటారు. తర్వాత డిజైన్. తర్వాత కోడింగ్. తర్వాత టెస్టింగ్. ఆఖర్న క్లయింటు చేతికి. ఒక మెట్టు పూర్తయి, సంతకాలు పడ్డాకే రెండో మెట్టు.

ఈ మెట్ల బొమ్మ కథ తమాషాగా ఉంటుంది. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ ఇంజనీరు, పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల నిర్వహణ మీద ఒక పేపర్ రాశాడు. మెట్ల బొమ్మ అందులోదే. వాటర్‌ఫాల్ అన్న పేరు మాత్రం ఆయన పెట్టలేదు, తర్వాత ఇతరులు తగిలించారు. అసలు సంగతేంటంటే, ఆ బొమ్మ గీసిన వెంటనే ఆయన అన్నది ఇది: ఇలాగే చేస్తే ప్రమాదం, ఫెయిలవడాన్ని పిలిచి పీట వేసినట్టే. టెస్టింగ్ ఆఖర్న వస్తుంది కాబట్టి, అప్పుడు బయటపడే తప్పు డిజైన్ దాకా, ఒక్కోసారి మొదటి మెట్టు దాకా వెనక్కి లాగుతుందన్నది ఆయన భయం. కొత్త తరహా సాఫ్ట్‌వేర్ అయితే ముందు ఒకసారి చిన్నగా చేసి చూసుకోండి, క్లయింటుని మధ్యమధ్యలో కూర్చోబెట్టండి అని కూడా చెప్పాడు.

జనం పేపర్ చదివారో లేదో గానీ, బొమ్మ మాత్రం పట్టుకున్నారు. ఆఫీసర్లకీ కాంట్రాక్టులు రాసేవాళ్లకీ అది బాగా నచ్చింది. ప్రతి మెట్టు దగ్గరా ఒక కాగితం, ఒక సంతకం, ఒక బిల్లు. ఇంతకంటే ఏం కావాలి? 1985లో అమెరికా రక్షణశాఖ తెచ్చిన సాఫ్ట్‌వేర్ ప్రమాణం దాదాపు ఇదే దారిలో నడిచింది. చేదు అనుభవాలయ్యాక 1994లో దాన్ని పక్కనపెట్టి, దశలవారీగా చేసుకోవడానికి వీలిచ్చే ఇంకో ప్రమాణం తెచ్చుకున్నారు.

మంచుకొండ మీద పదిహేడు మంది

ఇక ఎజైల్. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే స్కీ రిసార్టులో 17 మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు కలిశారు. వాళ్లలో ఎవరి పద్ధతి వాళ్లకుంది. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్‌లది స్క్రమ్. కెంట్ బెక్‌ది ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్. అన్నిటిలో ఉన్న పోలికను ఏరి ఒక చిన్న ప్రకటన రాశారు. అదే ఎజైల్ మ్యానిఫెస్టో. నాలుగు విలువలు, వాటి వెనక 12 సూత్రాలు.

ఆ నాలుగూ మన మాటల్లో చెప్పుకుంటే ఇంతే. టూల్స్ కంటే మనుషులు, వాళ్ల మధ్య మాటలు ముఖ్యం. దొంతర్ల కొద్దీ డాక్యుమెంట్ల కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్ ముఖ్యం. కాంట్రాక్టు బేరాల కంటే క్లయింటుతో కలిసి పనిచేయడం ముఖ్యం. రాసుకున్న ప్లాన్‌ని పట్టుకు వేలాడటం కంటే, మార్పు వస్తే దానికి తగ్గట్టు కదలడం ముఖ్యం.

చాలామంది ఇంతవరకే చదివి ‘ఎజైల్‌లో డాక్యుమెంట్లు అక్కర్లేదు, ప్లాన్ అక్కర్లేదు’ అని తేల్చేస్తారు. ప్రకటన చివర్లో ఇంకో వాక్యం ఉంది. కుడివైపు రాసినవాటికీ విలువుంది, ఎడమవైపువాటికి ఇంకాస్త ఎక్కువ విలువిస్తాం అని. ప్లాన్ మానేయమని ఎవరూ అనలేదు.

రోజువారీ పనిలో ఇది ఎలా ఉంటుంది? స్క్రమ్‌లో అయితే నెలకి మించని చిన్న గడువు పెట్టుకుంటారు, దాన్ని స్ప్రింట్ అంటారు. చాలా టీముల్లో అది రెండు వారాలు. ఆ రెండు వారాలకి ఒక చిన్న ముక్క తీసుకుని డిజైన్, కోడింగ్, టెస్టింగ్ అన్నీ దాంట్లోనే పూర్తిచేస్తారు. రోజూ 15 నిమిషాల మీటింగ్. స్ప్రింట్ అయ్యాక పనిచేసే ముక్కని వాడేవాళ్ల ముందు పెట్టి చూపిస్తారు. వాళ్లు చెప్పింది విని, తర్వాత ఏది చేయాలో తేల్చుకుంటారు.

నిజానికి ముక్కలుగా చేయడమన్నది 2001లో పుట్టిన ఆలోచనేం కాదు. 1960ల మొదట్లో నాసా మెర్క్యురీ అంతరిక్ష ప్రాజెక్టులోనే సగం రోజుకో విడత చొప్పున ప్రోగ్రాం రాసిన టీము ఉంది. కాబట్టి పాతది, కొత్తది అన్న విడదీతకే అర్థం లేదు. ఇంటర్వ్యూలో ఆ ముక్క చెప్పడం ఇవాళ్టితో మానేయండి.

ఎఫ్‌బీఐకి తగిలిన దెబ్బ

ఇప్పుడు అసలు కేసులోకి వెళ్దాం. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ. సినిమాల్లో వాళ్ల కంప్యూటర్లు ఎలా మెరుస్తాయో చూశాం కదా. 2000 ప్రాంతంలో వాళ్ల ఏజెంట్లు వాడుతున్నది మాత్రం పాతకాలపు కేస్ సాఫ్ట్‌వేర్, దానికి తోడు గుట్టల కొద్దీ కాగితాలు. దాన్ని మార్చడానికి 2001లో ‘వర్చువల్ కేస్ ఫైల్’ అనే ప్రాజెక్టు మొదలైంది. ఆ సెప్టెంబర్ 11న దాడులు జరిగాయి. దాంతో ప్రాజెక్టు ఆశయం ఒక్కసారిగా పెరిగిపోయింది. పాతదానికి కొత్త ముఖం తొడగడం కాదు, మొత్తం కొత్తదే కావాలన్నారు.

నెలల తరబడి మీటింగులు పెట్టి రిక్వైర్‌మెంట్లు రాశారు. డాక్యుమెంటు 800 పేజీలు దాటింది. ఏం పని జరగాలన్నదే కాదు, స్క్రీన్ మీద బటన్ ఎలా ఉండాలన్నంత చిన్న వివరాలు కూడా అందులో చేరాయి. అంత రాశారు కదా, ఇక మార్పులుండవనుకుంటాం. మార్పులు వస్తూనే ఉన్నాయి, వందల్లో. కాంట్రాక్టర్ దాదాపు 7 లక్షల లైన్ల కోడ్ రాశాడు. పాత సిస్టమ్‌ని ఆపేసి, ఒకేసారి అందరూ కొత్తదానికి మారిపోవాలన్నది ప్లాన్. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లే దారి కూడా సరిగ్గా పెట్టుకోలేదు.

2003 డిసెంబర్‌లో డెలివరీ వచ్చింది. ఎఫ్‌బీఐ చూసి, పనికిరాదంది. తప్పు మీదంటే మీదని కొన్నాళ్లు నడిచింది. 2005లో ప్రాజెక్టునే వదిలేశారు. అప్పటికి ఖర్చు దాదాపు 17 కోట్ల డాలర్లు. ఏజెంట్లు మళ్లీ పాత కంప్యూటర్ ముందే కూర్చున్నారు.

ఇక్కడితో అయిపోలేదు. 2006లో ‘సెంటినెల్’ పేరుతో ఇంకో ప్రాజెక్టు మొదలుపెట్టారు. కాంట్రాక్టు లాక్‌హీడ్ మార్టిన్‌కి. ఈసారి జాగ్రత్తపడి నాలుగు దశలుగా విడగొట్టారు. 2009 చివరికి పూర్తవ్వాలి. 2010 ఆగస్టు నాటికి లెక్క చూస్తే, 45.1 కోట్ల డాలర్ల బడ్జెట్‌లో 40.5 కోట్లు అయిపోయాయి. నాలుగు దశల్లో చేతికొచ్చింది రెండే. ఇలాగే వెళ్తే ఇంకో ఆరేళ్లు, ఇంకో 35.1 కోట్ల డాలర్లు పడుతుందని బయటి నిపుణులు అంచనా ఇచ్చారు.

అప్పుడు ఎఫ్‌బీఐ పనిని తన చేతిలోకి తీసుకుంది. టీముని బాగా తగ్గించారు. మిగిలిన పనిని చిన్నచిన్న అవసరాలుగా రాసుకుని, రెండు వారాల స్ప్రింట్లు మొదలుపెట్టారు. ప్రతి స్ప్రింట్ తర్వాత అయిన పనిని చూపించాలి. ‘ఎనభై శాతం అయింది సార్’ అన్న మాట చెల్లదు. పనిచేస్తే అయినట్టు, లేకపోతే లేనట్టు.

అలాగని మంత్రం వేసినట్టు అయిపోలేదు. అనుకున్న ఏడాదిలో పూర్తవ్వలేదు. 2011 అక్టోబర్‌లో వందల మంది నిజమైన ఉద్యోగులతో పరీక్షించి చూస్తే సిస్టమ్ ఆగిపోయింది. హార్డ్‌వేర్ బలం చాలదని తేలింది. దాన్ని మార్చుకుని, చివరికి 2012 జులై 1న ఏజెంట్లందరికీ ఇచ్చారు. గడువు దాటింది గానీ, మొత్తం 45.1 కోట్ల బడ్జెట్ దాటకుండానే ముగించారు.

ఈ కథ విని చాలామంది ‘చూశారా, ఎజైల్ గెలిచింది’ అంటారు. నేను చూసేది వేరే చోట. రెండుసార్లూ తప్పులు దొర్లాయి. మొదటిసారి తప్పు తెలిసింది కోడంతా రాసేశాక, డెలివరీ రోజున. రెండోసారి హార్డ్‌వేర్ చాలదన్న చేదు నిజం తెలిసింది అందరికీ ఇవ్వకముందే, సరిదిద్దుకునే టైం ఉండగానే. తేడా అంతా చెడ్డ కబురు ఎప్పుడు చెవిన పడిందన్న దాంట్లోనే ఉంది.

షటిల్ సంగతి వేరు

మరయితే అన్నిటికీ స్ప్రింట్లేనా? అమెరికా అంతరిక్ష నౌక స్పేస్ షటిల్ సాఫ్ట్‌వేర్ చూడండి. మొత్తం 4.2 లక్షల లైన్లు. 1990ల మధ్యలో వచ్చిన లెక్క ప్రకారం, అప్పటికి చివరి మూడు వెర్షన్లలో దొరికిన తప్పులు వెర్షన్‌కి ఒకటి చొప్పున. వాళ్లు ఒకసారి జీపీఎస్ కోసం మార్పు చేయాల్సొచ్చింది. మారాల్సిన కోడ్ 6,366 లైన్లు. ఆ ఒక్క మార్పుకి ముందుగా రాసుకున్న వివరణ 2,500 పేజీలు.

ఈ లెక్క మన స్టార్టప్ కుర్రాళ్లకి చెబితే నవ్వుతారు. కానీ ఆలోచించండి. నౌక గాల్లోకి లేచాక బగ్ వస్తే ‘యాప్ అప్‌డేట్ చేసుకోండి’ అనలేం కదా. లోపల మనుషులున్నారు. తప్పు ఖరీదు ప్రాణం అయినప్పుడు 2,500 పేజీలు ఎక్కువేం కాదు.

ఇందులో ఇంకో విశేషం ఉంది. అంత పక్కాగా రాసుకున్న అదే షటిల్ సాఫ్ట్‌వేర్‌ని, 1977 నుంచి 1980 దాకా తొలిసారి తయారుచేసినప్పుడు 31 నెలల్లో 17 విడతలుగా కట్టారు. విడతకి సుమారు ఎనిమిది వారాలు. అంటే కాగితం మీద క్రమశిక్షణ, చేతల్లో విడతలు, రెండూ ఒకే ప్రాజెక్టులో ఉన్నాయి. ‘ఏదో ఒకటి ఎంచుకో’ అన్న ప్రశ్నలోనే తిరకాసుంది.

స్లాబ్ పరీక్ష

ఇల్లు కట్టడం చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పునాది లోతు ఎంత, పిల్లర్లు ఎక్కడ, పైన ఇంకో అంతస్తు వేస్తారా లేదా, ఇవి ముందే తేల్చుకోవాలి. స్లాబ్ పోయకముందు బాత్రూమ్ పైపు జరపాలంటే ప్లాన్ మీద ఒక గీత చెరిపితే చాలు. పోశాక జరపాలంటే డ్రిల్లింగ్ మెషిన్ తేవాలి, మేస్త్రీ చేత మాటలు పడాలి. అదే కర్టెన్ల రంగు? గృహప్రవేశం అయ్యాక వారం రోజులు కాపురం చేసి, ఎండ ఎటునుంచి పడుతుందో చూసి తేల్చుకోవచ్చు. మెట్ల కిందకి వాషింగ్ మెషిన్ వస్తుందా, వంటింట్లోకా అన్నది అమ్మ నాలుగు రోజులు పనిచేసుకున్నాకే తెలుస్తుంది.

ఇల్లంతా ఒకే పద్ధతిలో ఎవరూ కట్టరు. సాఫ్ట్‌వేర్ కూడా అంతే. ప్రాజెక్టు మొత్తానికి ఒక పేరు తగిలించే బదులు, ఒక్కో భాగాన్నీ రెండు ప్రశ్నలు అడగండి. ఇది తప్పయితే ఎప్పుడు తెలుస్తుంది? తెలిశాక దిద్దడానికి ఎంతవుతుంది?

తొందరగా తెలిసి, చవగ్గా దిద్దుకోగలిగేవి కర్టెన్లు. చేసి చూపించి, మార్చుకుంటూ పోవచ్చు. ఆలస్యంగా తెలిసి, దిద్దడానికి ఖరీదయ్యేవి స్లాబులు. వాటి దగ్గర ఆగి, రాసుకుని, పదిమంది చేత చూపించుకుని మరీ పోయాలి. ఆలస్యంగా తెలిసేవాటిని తొందరగా తెలిసేలా చేసే దారి ఉంటే, ముందు ఆ దారి వెతకాలి. ఎఫ్‌బీఐ వాళ్లు అందరికీ ఇవ్వకముందే వందల మందితో నడిపి చూసింది అందుకే.

మీ చేతిలో ఫోనే దీనికి మంచి ఉదాహరణ. ఒక యాప్‌లో కొత్త ఫీచర్ మీ ఫ్రెండ్‌కి వచ్చి, మీకు రాకపోవడం గమనించే ఉంటారు. మీ ఫోన్ తప్పు కాదది. కొత్త వెర్షన్‌ని ముందు కొద్ది శాతం మందికే వదిలే వీలు ప్లే స్టోర్‌లోనే ఉంది. ఏమైనా తేడా కొడితే అక్కడితో ఆపేస్తారు. వెనకటికి సాఫ్ట్‌వేర్ సీడీల్లో అమ్మే రోజుల్లో ఆ సుఖం లేదు. సీడీలు షాపులకి వెళ్లిపోయాక బగ్ దొరికితే తల పట్టుకోవడమే. ఇంటర్నెట్ వచ్చి చాలా స్లాబుల్ని కర్టెన్లుగా మార్చేసింది. ఎజైల్ ఇంతగా పాకడానికి అది పెద్ద కారణం. మ్యానిఫెస్టో గొప్పతనం ఒక్కటే కాదు.

మరి హాస్పిటల్ యాప్?

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. హాస్పిటల్‌కి యాప్ చేయాలి. భాగాలుగా విడగొట్టి చూడండి.

అపాయింట్‌మెంట్ తీసుకునే స్క్రీన్. పేషెంట్లు డాక్టర్ పేరుతో వెతుకుతారా, ‘మోకాలి నొప్పి’ అని వెతుకుతారా? మనం ఏసీ గదిలో కూర్చుని ఊహించలేం. రెండు వారాల్లో ఒక చిన్నది చేసి, ఓపీ కౌంటర్ దగ్గర పదిమంది చేతికిచ్చి, వాళ్లు ఎక్కడ తడబడుతున్నారో చూడాలి. పెద్దావిడ ఒకరు ఫోన్ పక్కన కూర్చున్న మనవడి చేతికిచ్చేసిందంటే, ఆ స్క్రీన్ మార్చాల్సిందే. ఇది కర్టెన్.

మందుల మోతాదు లెక్కకట్టే భాగం. పిల్లల బరువుని బట్టి ఎన్ని మిల్లీగ్రాములు అన్న లెక్కలో చుక్క అటూ ఇటూ అయితే? ‘తర్వాతి స్ప్రింట్‌లో దిద్దుతాం’ అనే మాటే ఉండకూడదు. డాక్టర్లు, ఫార్మసిస్టులు కూర్చుని నియమాలన్నీ రాసి, సంతకం పెట్టి, ప్రతి నియమానికీ టెస్టు రాసి, అప్పుడు కోడింగ్. ఇది పక్కా స్లాబ్.

పాత రికార్డుల్ని కొత్తదాంట్లోకి ఎక్కించడం. ఇది చాలామంది మర్చిపోయే స్లాబ్. ఒకే పేరున్న ఇద్దరు పేషెంట్ల రికార్డులు కలిసిపోతే విడదీయడం నరకం. ఆదివారం రాత్రి ఒకేసారి మార్చేద్దాం అంటే, ఎఫ్‌బీఐ మొదటిసారి వేసుకున్న ప్లాన్‌లాంటిదే. ముందు ఒక్క డిపార్ట్‌మెంట్‌వి ఎక్కించి, వారం రోజులు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి చూడాలి. ప్లాన్ కాగితం మీద పక్కాగా ఉండాలి, పని విడతలుగా జరగాలి.

బిల్లింగ్, ఇన్సూరెన్స్. నియమాలు బయటివాళ్లు పెట్టినవి, రాసి ఉన్నవి. వాటిని ముందే చదువుకోవాలి. బిల్లు కాగితం ఎలా కనిపించాలన్నది మాత్రం క్యాషియర్‌కి చూపిస్తూ మార్చుకోవచ్చు.

చూశారు కదా, ఒకే యాప్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి. ఇంటర్వ్యూలో ఈ మాట చెబితే, ఎదుటి కుర్చీలో ఉన్నాయన పెన్ను కింద పెట్టి మీవైపు చూస్తాడు.

పైకి ఎజైల్, లోపల వాటర్‌ఫాల్

ఉద్యోగంలో చేరాక అసలు పరీక్ష వేరే ఉంటుంది. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు ‘మాది ఎజైల్ టీమ్’ అంటారు. వెళ్లి చూస్తే గోడ మీద రంగు రంగుల స్టిక్కర్లు ఉంటాయి, రోజూ స్టాండప్ ఉంటుంది. కానీ ఏం చేయాలి, ఎంతకి చేయాలి, ఏ తేదీకి ఇవ్వాలి అన్న మూడూ ఆరు నెలల ముందే కాంట్రాక్టులో రాసేసి ఉంటాయి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని విదేశీ క్లయింటుకి పనిచేసే సర్వీస్ కంపెనీల్లో ఈ తరహా ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టులు మామూలే. ధర కదలదు, తేదీ కదలదు, పని కదలదు. మరి తేడా వస్తే ఏది కదులుతుంది? మీ నిద్ర. లేదంటే క్వాలిటీ.

అది ఎలా జరుగుతుందో చూడండి. రిక్వైర్‌మెంట్లు తేలేసరికి ఒక నెల లేటు. డిజైన్ సంతకాలకి ఇంకో నెల. కోడింగ్ కూడా కొంచెం జరుగుతుంది. విడుదల తేదీ మాత్రం అక్కడే ఉంటుంది. మూడు నెలలు అనుకున్న టెస్టింగ్ మూడు వారాలకి కుదించుకుపోతుంది. దాచిపెట్టిన తప్పులన్నీ ఆ మూడు వారాల్లో ఒక్కసారిగా మీద పడతాయి. ‘వీకెండ్ కొంచెం రావాలి’ అన్న మెసేజ్ వచ్చేది అప్పుడే. ఎజైల్ అని పేరు పెట్టినంత మాత్రాన ఈ లెక్క మారదు.

మీ టీము నిజంగా ఎజైలా కాదా అని తెలుసుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. స్ప్రింట్ చివర డెమో ఎవరు చూస్తున్నారు? మన మేనేజరే చూసి మనమే చప్పట్లు కొట్టుకుంటే అది డెమో కాదు, రిహార్సల్. వాడేవాళ్లు చెప్పినదాన్ని బట్టి గత మూడు నెలల్లో ప్లాన్‌లో ఒక్కటైనా మారిందా? మారకపోతే, వాటర్‌ఫాల్‌నే రెండు వారాల ముక్కలుగా కోసి పెట్టుకున్నారన్నమాట. టెస్టింగ్ ఆ స్ప్రింట్‌లోనే అవుతోందా, లేక ‘అన్నీ కలిపి చివర్లో’ అంటున్నారా? స్టాండప్ 15 నిమిషాల్లో ముగుస్తోందా, ముప్పావుగంట అటెండెన్స్ మీటింగ్‌లా నడుస్తోందా?

ఇంకోవైపు పొరపాటు కూడా ఉంది. ‘మేం ఎజైల్ కదా’ అంటూ డేటాబేస్ ఎలా ఉండాలి, డబ్బు లెక్కలు ఎలా చేయాలి, పాస్‌వర్డులు ఎలా దాచాలి అన్నవి కూడా తర్వాత చూసుకుందాం అనుకునే టీములున్నాయి. పునాది లేకుండా కర్టెన్లు కట్టినట్టు. ఏడాది తిరిగేసరికి ఒక చిన్న మార్పుకి పది ఫైళ్లు ముట్టుకోవాల్సి వస్తుంది. అప్పుడు స్ప్రింట్లు ఉంటాయి గానీ, పరుగు ఉండదు.

చేరిన కొత్తలో మనమేం చేయగలం?

కాంట్రాక్టు మార్చే అధికారం ఫ్రెషర్‌కి ఉండదు, నిజమే. అయినా చేతిలో మూడు పనులున్నాయి.

ఒకటి, ఏ పని ఇచ్చినా ‘ఇది అయిపోయిందని ఎలా తేలుస్తాం అన్నా?’ అని మీ లీడ్‌ని అడగండి. కోడ్ రాస్తే అయినట్టా, టెస్టు పాసైతే అయినట్టా, క్లయింటు చూసి సరే అంటే అయినట్టా? మొదటి రోజే ఈ మాట తేలితే సగం గొడవలు తగ్గుతాయి.

రెండు, చెడ్డ కబురు దాచకండి. ‘రేపటికి అయిపోతుంది’ అని నాలుగు రోజులు వరసగా చెప్పడం కంటే, రెండో రోజే ‘ఇక్కడ ఇరుక్కుపోయా, ఒకరు సాయం రావాలి’ అనడం మేలు. మీకు ఇబ్బందిగా అనిపించొచ్చు. కానీ స్టాండప్ పెట్టిందే అందుకు. రెండో రోజు చెబితే అది ఒక అడ్డంకి, ఇరవయ్యో రోజు చెబితే ప్రాజెక్టుకే గండం.

మూడు, మీకిచ్చిన పని స్లాబా, కర్టెనా అని మీలో మీరే తేల్చుకోండి. స్లాబ్ అనిపిస్తే, తొందరపెట్టినా సరే, కోడ్ మొదలుపెట్టే ముందు ఒక పేజీ రాసి సీనియర్‌కి చూపించండి. కర్టెన్ అనిపిస్తే, వారం రోజులు డిజైన్ మీద కూర్చోకుండా సాయంత్రానికి ఏదో ఒకటి చేసి చూపించండి.

ఇంకా చదువుతున్నవాళ్లకి హోంవర్క్. మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు తీసుకోండి. ఎలాగూ రిపోర్టులో ‘మేము ఎజైల్ మోడల్ అనుసరించాము’ అని ఒక పేజీ రాసి, నెట్‌లో దొరికిన బొమ్మ అతికిస్తారు. ఈసారి ఆ పేజీ బదులు ఒక పట్టిక వేయండి. ఎడమవైపు మీ ప్రాజెక్టులోని భాగాలు. పక్క గళ్లలో రెండు జవాబులు: తప్పయితే ఎప్పుడు తెలుస్తుంది, దిద్దడానికి ఎంత పని. పట్టిక నింపుతుంటే రెండు మూడు గళ్ల దగ్గర పెన్ను ఆగిపోతుంది. వైవా రోజు దాకా ఆగకుండా, ఆ భాగాల్ని రేపే మొదలుపెట్టండి.